ఆయుధపూజ నాడు తిరిగిన మీటరు

ముప్పై నాలుగేళ్ళకే రిటైరయ్యాను. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళ మొహంలో రెండు అనుమానాలు మెరుస్తాయి: వీడికి లాటరీ తగిలిందా, ఉద్యోగం ఊడిందా? రెండోది నిజానికి కొంచెం దగ్గర. నేను చేసే పని ఇంకెవరూ చేయక్కర్లేకుండా చేయడమే నా ఉద్యోగం. దాన్ని శ్రద్ధగా చేశాను, ఫలితం అనుభవిస్తున్నాను. చివరి రోజున తిరువళ్ళూరులో బేకరీ మేడ మీదున్న మా ఆఫీసులో నాకు శాలువా కప్పారు. కప్పిన మరుక్షణం కరెంటు పోయింది. కరెంటు పొదుపు నేర్పే కంపెనీలో ఇంతకంటే గొప్ప వీడ్కోలు ఎవరికి దొరుకుతుంది?

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అన్నా, అసలు ఈ పని ఏమిటి?" అని అడుగుతుంటారు. ఇంటర్వ్యూలో ఏం చెప్పారో నాకు తెలుసు కాబట్టి వాళ్ళ మీద జాలి కలుగుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. మా వైపు పిల్లలు తెలుగు మాట్లాడతారు, తమిళం చదువుతారు. కాబట్టి తెలుగు చదవగల పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ళు మధ్యలో నిద్రపోతే తప్పు నాదే.

పని పేరు పెద్దది, పని చిన్నది

కాగితం మీద మా పని పేరు "వ్యాపార ప్రక్రియల్లో సుస్థిరతకు డిజిటల్ పరిష్కారాలు". ఈ పేరు ఒక్క గుక్కలో చెప్పినవాడికే ఉద్యోగం ఇచ్చేవారని నా అనుమానం. అసలు పని ఇంతే. బియ్యం మిల్లు, పాల శీతలీకరణ కేంద్రం, రంగుల షెడ్డు, ఐసు ఫ్యాక్టరీ లాంటి చోట్లకు వెళ్ళి నీళ్ళ గొట్టానికొక మీటరు, కరెంటు తీగకొక మీటరు, మురుగు కాలవలో ఒక సెన్సారు పెట్టాలి. అవి చూసింది ఫోనుకు చేరుతుంది. ఏది ఎంత వృథా అవుతోందో యజమానికి తెలుస్తుంది. తెలిసిన తర్వాత ఆయన మనల్ని తిడతాడు. ఆ తిట్లు వినడం కూడా ఉద్యోగంలో భాగమే, కానీ దానికి వేరే అలవెన్సు లేదు.

మా బాసు వసంత మేడమ్. ఈ రంగంలో నేను చూసిన బాసుల్లో పవర్‌పాయింట్ చూస్తే తలనొప్పి వచ్చే ఏకైక బాసు. నేను చేరిన రోజున ఆమె చెప్పింది ఒకే మాట.

"దామూ, మన పెట్టె ఏమీ మిగిలించదు. ఊరికే చెప్తాది, అంతే. మిగిలించేది మనుషులు. ఆ మనుషులు పెట్టెకు భయపడితే పని చెడిపోతాది, పెట్టెకు మొక్కితే ఇంకా చెడిపోతాది."

మొదటి సగం ఆరంబాక్కంలో అర్థమైంది. రెండో సగం అర్థం కావడానికి ఒక ఆయుధపూజ పట్టింది.

చల్లగా ఉన్న సెన్సారు

ఆరంబాక్కంలో ఒకాయన చేపలు నిలవచేసే చల్లటి గది పెట్టాడు. గది వేడెక్కితే చేపలూ పాడు, కరెంటూ దండగ. అందుకని వేడి కొలిచే సెన్సారొకటి గోడకు బిగించి, "ఇది ఈ గీత కింద ఉంటే మీకు మంచిది, పైకొస్తే మాకు ఫోనొస్తుంది" అని చెప్పి వచ్చాం.

కొన్నాళ్ళు ఆ గది నుంచి వచ్చే లెక్కలు చూసి ఆఫీసులో అందరూ మురిసిపోయాం. అంత నిలకడగా చల్లగా ఉండే గది ధ్రువాల్లో కూడా ఉండదు. వెళ్ళి చూస్తే గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల చేపలు చెమటోడుస్తున్నాయి. మా సెన్సారు మాత్రం గోడ మీదినుంచి దిగి, ఒక చిన్న థర్మాకోల్ డబ్బాలో, చుట్టూ ఐసుముక్కలతో, పైన తడిగుడ్డతో రాజభోగం అనుభవిస్తోంది.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"మీరే కదప్పా చెప్పినారు, అది చల్లగా ఉండాల అని! దానికని తనీగా, వేరేగా ఐసు పెట్టినా. పొద్దున సాయంత్రం మారుస్తా ఉండా. చేపలకైనా ఇంత చెయ్యలే."

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మేం చెప్పింది అదే. కొత్తవాళ్ళకు నా మొదటి మాట: ఏ అంకెను చూసి మనిషిని మెచ్చుకుంటామో, ఆ అంకెకు మాత్రమే వాడు సేవ చేస్తాడు. కాబట్టి మెచ్చుకునే ముందు గది తలుపు ఒకసారి చూసి రండి.

మునిరత్నం మామ షెడ్డు

ఇక అసలు సంగతి. కనకమ్మ సత్రం దాటి తిరుత్తణి వైపు పోతుంటే, కొండ కనబడే మలుపులో ఎడమచేతి వైపు మట్టిరోడ్డు చివర మునిరత్నం మామ షెడ్డు ఉంది. మామ అంటే నాకు చుట్టం కాదు. మా ఇద్దరి ఇళ్ళలోనూ మగ్గాలుండేవి కాబట్టి మొదటి రోజే మామ, అల్లుడు అయిపోయాం. మా వాళ్ళలో చుట్టరికం కలవడానికి టీ చల్లారేంత సేపు చాలు. ఆయన చేసే పని, కైలీలు, అంటే లుంగీలు నేసే నూలుకు రంగు అద్దడం. నూలు చిలపలను, అంటే చుట్టిన నూలు కట్టలను తొట్లలో ముంచడం, ఉడికించడం, మళ్ళీ మళ్ళీ కడగడం. రంగు ఎంత చిక్కనైతే అంత కడగాలి, కడిగినకొద్దీ నీళ్ళు.

ఆయన నూలు చెన్నైలో ఒక ఎగుమతి కంపెనీకి పోతుంది. ఆ కంపెనీవాళ్ళు కొత్తగా ఒక నిబంధన పెట్టారు. కిలో నూలుకు ఇన్ని లీటర్ల నీళ్ళకు మించి వాడకూడదు, వాడిన లెక్క నేరుగా మీటరునుంచి వాళ్ళ కంప్యూటరుకు రావాలి. దీపావళి లోపల గీత కిందికి రాకపోతే రంగుపని ఇంకో షెడ్డుకు పోతుంది. మామ షెడ్డుకు ఉన్న పనంతా ఆ కంపెనీదే. పని పోతే షెడ్డు మూత. మామ, ఆయన భార్య జయమ్మత్త, తొట్ల దగ్గర రంగు కలిపే ఏలుమలై మేస్త్రీ, చిలపలు కడిగే ఆడవాళ్ళు, అందరూ ఇంటికి.

మీటరు బిగిస్తుంటే మామ చుట్టూ తిరిగాడు.

"ఏమప్పా దామూ, ఈ పెట్టె నీళ్ళు మిగిలిస్తాదా?"

"మిగిలించదు మామా. ఎంత పోతాదో చెప్తాది, అంతే."

"చెప్పేదానికి ఇంట్లో మీ అత్త ఉండాది కదప్పా. ఇంకొకటి యాల?"

"అత్త చెన్నైకి చెప్పదు కదా మామా."

"చెప్పదని నీకెవురు చెప్పినారు?" అంది వెనకనుంచి జయమ్మత్త.

సుస్థిరత అంటే ఏమిటని ట్రైనింగులో నాకు రెండు పూటలు చెప్పారు. మామ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "రేపు పొద్దున కూడా ఈ తలుపు తెరిస్తే అదే సుస్థిరత. తెరవకపోతే నువ్వెన్ని పేర్లయినా పెట్టుకో."

మేం పెట్టినవి రెండు. మిద్దె మీది ట్యాంకునుంచి కిందికి దిగే గొట్టానికి నీళ్ళ మీటరు. కాలవలో, బయటికి పోయే నీళ్ళ రంగు ఎంత చిక్కగా ఉందో చూసే సెన్సారు. షెడ్డులో దాన్ని "కన్ను" అనేవాళ్ళు. నూలు తూచే కాటాను కూడా ఫోనుకు కలిపాం. నీళ్ళను నూలు బరువుతో భాగిస్తే కిలోకు ఎన్ని లీటర్లో వస్తుంది. ఆ ఒక్క అంకె మీద షెడ్డు బతుకు ఆధారపడింది.

అందరూ అందరినీ అనుమానించిన కాలం

అంకె గీతకు చాలా పైన ఉంది. సరే, పని మొదలుపెట్టాం. ఒక తడవ చివరగా కడిగిన నీళ్ళు దాదాపు తేటగా ఉంటాయి కాబట్టి, వాటిని తర్వాతి తడవ మొదటి కడుగుకు వాడాం. ఇదివరకు రంగు పోయిందో లేదో చెయ్యి ముంచి చూసి, భయానికి ఇంకోసారి కడిగేవాళ్ళు. ఇప్పుడు కన్ను "చాలు" అంటే ఆపేశారు. ఇంత చేసినా అంకె కొంచెం దిగి, మొండిగా కూర్చుంది. గీత కిందికి మాత్రం దిగనంటోంది.

అప్పుడు మొదలైంది అనుమానాల పండగ. మామ మేస్త్రీని అనుమానించాడు. మేస్త్రీ మీటరును అనుమానించాడు. చెన్నై కంపెనీ మామను అనుమానించింది. జయమ్మత్త అందరినీ సమానంగా అనుమానించింది. ఆ ఇంట్లో సమానత్వానికి ఎప్పుడూ లోటు లేదు.

"మేస్త్రీ, నేను లేనప్పుడు నీళ్ళు ఇడుస్తా ఉండావా?"

"నేనా? మామా, సాయంత్రం పొయ్యేటప్పుడు ట్యాంకు వాల్వు నా చేతులతో కట్టేసి పోతా. పొద్దున నా చేతులతో తెరుస్తా. ఆ పెట్టెకే తిక్క పట్టింది. మాడల్ పాతదేమో."

"మాడల్ పాతది నువ్వే," అన్నాడు మామ.

నేను మీటరును విప్పి, కడిగి, తూకం చేసిన బిందెలతో సరిచూశాను. అది నిజమే చెబుతోంది. మేస్త్రీ చెప్పిందీ నిజమే. సాయంత్రం వాల్వు కట్టేశాక మీటరు ముల్లు కూడా కదలదు. అందరూ నిజమే చెబుతున్నారు, నీళ్ళు మాత్రం పోతున్నాయి. మా రంగంలో దీనికి గొప్ప ఇంగ్లీషు పేర్లున్నాయి. వసంత మేడమ్ మాత్రం, "మనం ఏదో తప్పు రోజు చూస్తా ఉండాం దామూ" అని ఊరుకుంది. నాకు అర్థం కాలేదు. మేడమ్‌కి కూడా అర్థమయ్యే చెప్పిందని నేననుకోను.

అడ్డంగా పడుకున్న ఎనిమిది

ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ రోజు పనిముట్టుకు సెలవు. మగ్గం, కత్తెర, కాటా, మోటారు, స్కూటరు, ఇంట్లో కత్తిపీట, అన్నిటినీ కడిగి, గంధం రాసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టి, బొరుగులు, బెల్లం, సుండలు అనే శనగ గుగ్గిళ్ళు పెడతారు. ఒకసారి పూజ అయ్యిందంటే మరునాడు పొద్దున విజయదశమికి మొదలుపెట్టేదాకా వాటిని ముట్టుకోకూడదు. నేను తిరువళ్ళూరులో ఇంట్లో కూర్చుని సుండలు తింటున్నాను. మధ్యాహ్నం ఫోను కుయ్యిమంది.

మామ షెడ్డునుంచి రెండు హెచ్చరికలు. మొదటిది: కాలవలో నీళ్ళు ఎన్నడూ లేనంత చిక్కటి రంగుతో పోతున్నాయి. రెండోది చూడబోతే మామ ఫోనే వచ్చింది.

"దామూ, లీటర్లుండే చోట ఎనిమిది అడ్డంగా పడుకోనుండాది. ఏమప్పా, పండగని దానికీ లీవిచ్చినారా?"

అది ఎనిమిది కాదు, అనంతానికి గుర్తు. నూలు సున్నా కిలోలు, నీళ్ళు పోతున్నాయి. నీళ్ళను సున్నాతో భాగించిన కంప్యూటరు కళ్ళు తిరిగి అలా పడుకుంది.

"మామా, షెడ్డులో ఎవురుండారు?"

"ఎవురూ లేరప్పా. పూజ చేసి తాళమేసి ఇంటికొచ్చినాం."

"కాలవలో సెన్సారును ఏమైనా చేసినారా?"

ఫోను జయమ్మత్త తీసుకుంది. "ఏమీ చెయ్యలేదప్పా. దానికీ పూజ చేసినా. మంచిగా గంధం రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టినా. ఏడాదంతా మురుగులో కూర్చోని చూస్తా ఉండాది, పాపం."

అది చూసేది గాజుబిళ్ళలోంచి. ఆ బిళ్ళ మీదే అత్త గంధం దట్టించింది. కన్నుకు ప్రపంచమంతా కుంకుమ రంగులో కనిపించి, నిజాయితీగా చెన్నైకి చెప్పేసింది. సరే, మొదటి హెచ్చరిక తేలిపోయింది. రెండోది?

"అత్తా, ట్యాంకు వాల్వు కట్టేసినారా?"

"లేదు. పొద్దున తొట్లన్నీ కడిగేదానికి తెరిచినాం. కడిగినాక వాల్వు చక్రానికీ బొట్టు పెట్టి చామంతి దండ ఏసినా."

"మేస్త్రీ కట్టెయ్యలేదా?"

"పూజ చేసినదాన్ని ఎట్లా తిప్పుతాడప్పా? ఆయుధం కదా!"

అప్పటికి మా అందరికీ తెలిసిందేమంటే, వాల్వు తెరిచి ఉంది, తొట్ల దగ్గర కొళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి, షెడ్డుకు తాళం ఉంది, మీటరు మాత్రం గిర్రున తిరుగుతోంది. మీటరులో తిరిగే చక్రం గొట్టం లోపల ఉంటుంది. దాని మీద గంధం రాసినా, పన్నీరు చల్లినా దానికి ఏమీ తెలియదు. నిజంగా నీళ్ళు పోతేనే తిరుగుతుంది.

వసంత మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె అప్పటికే చెన్నై కంపెనీ కంప్యూటరు పంపిన ఉత్తరం చదువుతోంది. "నూలు అద్దకుండా నీళ్ళు, రంగు బయటికి వదులుతున్నారు. రేపు పొద్దునలోగా వివరణ ఇవ్వండి, లేకుంటే ఒప్పందం రద్దు" అని సారాంశం. పండగ పూట ఉత్తరం రాసేది కంప్యూటరు ఒక్కటే. దానికి ఎవరూ బొట్టు పెట్టలేదు కాబోలు.

"దామూ, నవ్వు," అంది మేడమ్.

"ఎందుకు మేడమ్?"

"ఇన్నాళ్ళూ పని జరిగే రోజులే చూసినాం. పని లేని నాడు, వాల్వు తెరిచి, మీటరు చూసింది ఎప్పుడూ లేదే! పగలంతా పని నీళ్ళలో కలిసిపోయి తెలీలే, రాత్రి వాల్వు కట్టేస్తారు కాబట్టి తెలీలే. ఈ రోజు పొయ్యే నీళ్ళే దొంగ నీళ్ళు. పో, పట్టుకో."

బండికి మా అమ్మ పొద్దునే బొట్టు పెట్టేసింది కాబట్టి అది ఆయుధం, ముట్టుకోకూడదు. పక్కింటివాళ్ళ బండి తీసుకున్నాను. వాళ్ళు కూడా బొట్టు పెట్టారు. అయితే పాపం వాళ్ళ బండిది కాబట్టి వాళ్ళ ఖాతాలో పడుతుందని తేల్చుకున్నాను. దారంతా బస్సుల ముందు అరటిపిలకలు, రోడ్డు మీద పగిలిన బూడిద గుమ్మడికాయలు. దిష్టి పోవడానికి కొట్టిన గుమ్మడికాయ మీద జారి పడేవాడి దిష్టి ఎవరు తీస్తారో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కనకమ్మ సత్రం కూడలిలో నేను పడలేదు, కానీ నా మర్యాద కొంచెం జారింది.

కొబ్బరి చిప్పల దండయాత్ర

షెడ్డు దగ్గర మామ, అత్త, మేస్త్రీ నిలబడి ఉన్నారు. పండగ బట్టల్లో, పెళ్ళికి వచ్చి పెళ్ళికూతురు కనిపించనివాళ్ళ మాదిరిగా. నేను గోడ వెంబడి నడుస్తూ ఫోను చూస్తున్నాను. నీళ్ళు ఇంకా పోతున్నాయి. లోపల నేలంతా పొడి. గోడ అవతల మాత్రం పచ్చగా ఉంది.

గోడ అవతల గోవిందస్వామి గారి మునగతోట. ఆయన జయమ్మత్తకు అన్న, మామకు బావ. ఎండలకు చుట్టుపక్కల చేలన్నీ మాడిపోతే ఆ తోటలో ఒక మూల మాత్రం అడవిలా ఉండేది. దానికాయన చెప్పే కారణం ఒక్కటే. ప్రతి ఆడి కృత్తిక పండగకు కావడి మోసుకుని తిరుత్తణి కొండెక్కుతాడు, మురుగన్ స్వామి చూస్తాడు, చెట్లు పచ్చగా ఉంటాయి. చుట్టాలందరినీ ఆ మూలకు తీసుకుపోయి చూపించేవాడు.

మా అలికిడి విని తోటలోంచి వచ్చి నన్నూ తీసుకుపోయాడు. "చూడప్పా దామూ. నీళ్ళు పోసినవాడు లేడు. స్వామి చూపు, అవ్వళవుదాన్, అంతే. ఆకు చూడు ఎట్లుండాదో!"

నేను చెప్పు విప్పి కాలు పెడితే, స్వామి చూపు చీలమండదాకా వచ్చింది.

"అయ్యా, ఇది మా మామ ట్యాంకు నీళ్ళు."

"ఏందీ?"

మామ గోడ మీదినుంచి తొంగి చూశాడు. ఆయన మొహంలో ఏదో పాత సంగతి కదిలింది. "బావా, మా నాయన కాలంలో పాత షెడ్డు ఈ పక్కే కదా ఉండింది. దానికొక గొట్టం పోయేది. పాత షెడ్డు పడగొట్టినప్పుడు దాని మూతికి కట్టెబిరడా కొట్టి పూడ్చినారు."

"కట్టె ఈ పాటికి కుళ్ళి ఉంటాది," అన్నాడు మేస్త్రీ. తన మీది అనుమానం తొలగిపోయిన ఆనందంలో ఆయన గొంతు సన్నాయిలా పలికింది.

గోవిందస్వామి గారు ఒప్పుకోలేదు. "మురుగన్ ఇచ్చిన నీళ్ళు కట్టేస్తారంట! ఒరే, నేను కావడెత్తింది యాల?"

"అన్నా," అంది జయమ్మత్త, "మురుగన్ నీకు ఇయ్యాలంటే కొండ మీదినుంచి ఇస్తాడు. మా ట్యాంకునుంచి దొంగతనంగా యాల ఇస్తాడు?"

"నీళ్ళు నీళ్ళే. నేను తవ్వనియ్యను."

"సరి. రేపు పొద్దునకు చెన్నైవాళ్ళు పని ఆపేస్తే షెడ్డు మూత. అప్పుడు నేను, నా మొగుడు యాడికి పోతాం? నా పుట్టింటికే వస్తాం. అంటే నీ ఇంటికే. మేస్త్రీ, నువ్వూ రా. చిలపలు కడిగే వాళ్ళందరినీ పిలుచుకోని రా. మా అన్న ఇంట్లో మునగాకు రొంబ ఉండాది, ఎంతమందికైనా చాలు."

గోవిందస్వామి గారు పైపంచె నడుముకు చుట్టుకున్నారు. "తవ్వండి. యాడ తవ్వాల?"

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. గడ్డపారకు బొట్టు. పారకు బొట్టు. పలుగుకు చామంతి దండ. గోవిందస్వామి గారి తోటలో ఉన్న కొడవలికి కూడా గంధం. ఆ ఊరంతటిలో ఆ రోజు తవ్వడానికి పనికొచ్చే పనిముట్టు ఒక్కటీ లేదు. నా బండి సంగతి చెప్పి, పాపం పక్కవాళ్ళ ఖాతాలో వేసే ఉపాయం ప్రతిపాదించాను. జయమ్మత్త చూసిన చూపుకు దాన్ని వెనక్కి తీసుకున్నాను.

"చేతులకు పూజ చెయ్యలేదు కదా?" అన్నాడు మామ.

పూజలో కొట్టిన కొబ్బరికాయల చిప్పలు పళ్ళెంలో ఉన్నాయి. చిప్ప పనిముట్టా, ప్రసాదమా అని చిన్న చర్చ జరిగింది. కొబ్బరి తినేస్తే మిగిలింది ఒట్టి చిప్పేనని మేస్త్రీ తీర్పు చెప్పాడు. కాబట్టి ముందు అందరం కొబ్బరి తిన్నాం. పండగ పట్టు పంచెలు పైకి కట్టి, నలుగురు మగవాళ్ళం బురదలో గొంతుక్కూర్చుని, చిప్పలతో మట్టి తోడడం మొదలుపెట్టాం. దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు. నిధి దొరికిందని పుకారు పుట్టింది. తర్వాత తిరుత్తణిలో నాకే ఒకాయన ఆ కథ చెప్పాడు, అందులో నేను కూడా లేను.

గొట్టం దొరికింది. బిరడా ఉండాల్సిన చోట నల్లటి నార మిగిలింది. నీళ్ళు బుసబుసా పోతున్నాయి. వాల్వు ముట్టుకోకూడదు కదా, మరి ఎలా ఆపాలి? జయమ్మత్త ఇంటికి పోయి, రంగు అద్దని తెల్ల నూలు చిలప ఒకటి తెచ్చింది. చిలపను గట్టిగా పురిపెట్టి, గొట్టం మూతిలోకి కుక్కి కుక్కి, మామ పైపంచె చుట్టి బిగించాం. నూలు నీళ్ళు తాగి ఉబ్బింది.

అందరూ నా ఫోను చుట్టూ మూగారు. ముల్లు నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. కొంచెం ఆడింది. ఆగింది.

సున్నా.

మేస్త్రీ ఈల వేశాడు. మామ బురద చేతులతోనే నన్ను వాటేసుకున్నాడు. నా ఉద్యోగంలో నాకొచ్చిన ఏకైక అవార్డు ఆ చొక్కా. ఇప్పటికీ మరక పోలేదు. పక్కనే రంగుల షెడ్డు ఉంది కాబట్టి మొత్తం చొక్కాకే గోధుమరంగు వేయించుకొమ్మని మామ సలహా ఇచ్చాడు. గోవిందస్వామి గారు మాత్రం చెట్లకేసి చూస్తూ, "పోయింది," అన్నారు. ఎవరో చనిపోయినట్టు.

వివరణ

ఆ సాయంత్రమే వసంత మేడమ్ చెన్నై కంపెనీకి వివరణ పంపింది. ఏమీ దాచలేదు, ఏమీ పెంచి చెప్పలేదు. గంధం, చామంతి దండ, కుళ్ళిన బిరడా, మీటరు సున్నాకు దిగిన గీత, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. పక్కన ఫొటో: బురద, గొట్టం, చిప్ప. దీపావళిదాకా గడువు ఉంచమని చివర ఒక వాక్యం.

జవాబు వచ్చింది. గడువు ఉంచారు. ఇంకొక ప్రశ్న కూడా అడిగారు: ఫొటోలో కనబడుతున్న గోధుమరంగు గుండ్రటి తవ్వకం పరికరం ఏ కంపెనీది, మిగతా షెడ్లకు కూడా తెప్పించవచ్చునా? మేడమ్ "స్థానికంగా తయారు, పర్యావరణానికి హాని లేదు, వాడిన తర్వాత పొయ్యిలో పెట్టవచ్చు" అని జవాబు రాసింది. ఆమె మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపయింది.

మరునాడు పొద్దున విజయదశమి పూజ కాగానే ప్లంబరు వచ్చి పాత గొట్టాన్ని కోసి మూత పెట్టాడు. దీపావళికి చాలా ముందే అంకె గీత కిందికి దిగింది. మామ షెడ్డు తలుపు రోజూ తెరుచుకుంటోంది. ఆయన నిర్వచనం ప్రకారం అది సుస్థిరత.

మునగచెట్ల సంగతి చెప్పకపోతే గోవిందస్వామి గారు నన్ను క్షమించరు. నిజానికి ఆ మూలలో ఆకు అడవిలా ఉండేది కానీ, కాయ మాత్రం సాంబారుకు సరిపోయేంత కూడా వచ్చేది కాదు. మునగకు నీళ్ళు ఎక్కువైతే ఆకే, కాయ రాదు. నీళ్ళు ఆగాక చెట్లు కొంచెం ఎండి, దిగులుపడి, పూత పట్టాయి. ఆ మరుసటి ఎండాకాలం కాయలు చేతికర్రల్లా వేలాడాయి. గోవిందస్వామి గారు నాకొక పెద్ద కట్ట పంపించి ఫోన్ చేశారు.

"చూసినావా? స్వామికి తెలుసు ఎప్పుడు ఆపాలో."

"తెలుసయ్యా," అన్నాను. కాయలు తీసుకున్నాక వాదించడం మర్యాద కాదు.

పని లేని నాడు చూడండి

మేడమ్ ఈ సంగతిని అక్కడితో వదిలిపెట్టలేదు. మేం మీటరు పెట్టిన ప్రతిచోటా ఇదొక పద్ధతి అయింది. ఆయుధపూజ నాడు అంతా ఆగిపోతుంది కదా, అప్పుడు నీళ్ళు, కరెంటు తెరిచి పెట్టి, ఇంకా ఏం తిరుగుతోందో చూడాలి. బియ్యం మిల్లులో ఎప్పుడో తీసేసిన మోటారుకు కరెంటు పోతూనే ఉండేది. పాల కేంద్రంలో ఖాళీ గదిని చల్లబరుస్తున్న యంత్రమొకటి బయటపడింది. అన్నింటికంటే సిగ్గుచేటు మా ఆఫీసే. ఎవరూ లేని మీటింగు గదిలో ఏసీ పండగ చేసుకుంటోంది. దానికి బొట్టు కూడా పెట్టి ఉంది. పెట్టింది మేడమే. "ఎవురికీ చెప్పొద్దు" అంది. ఇన్నాళ్ళూ చెప్పలేదు.

కొత్తవాళ్ళకు నిక్కచ్చిగా చెప్పాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, మన పెట్టెలు కూడా ఒకరోజు చెత్తే. వాటి బ్యాటరీలు ఎవరు వెనక్కి తీసుకుంటారో తెలియకుండా బిగించకండి. పర్యావరణాన్ని కాపాడే పెట్టె పెంటకుప్ప మీద పడి ఉంటే దానికంటే నవ్వులాట లేదు. రెండు, మనుషులు మన పెట్టెకు గంధం రాస్తే కోప్పడకండి. గాజుబిళ్ళ వదిలి పక్కన రాయమనండి. బొట్టు పెట్టించుకున్న యంత్రాన్ని ఎవరూ విరగ్గొట్టరు. ఏ వారంటీ కార్డూ దానికి సాటి రాదు.

ఇక నేను రిటైరవడం. మామ లాంటివాళ్ళు ఫోనులో తామే చూసుకోవడం నేర్చుకున్నారు. ఏది ఎక్కడ పోతోందో నాకంటే ముందు వాళ్ళకే తెలుస్తోంది. నేను వెళ్తే టీ ఇస్తారు, పని ఉండదు. ఒకరోజు మేడమ్ పిలిచి, "దామూ, నీ పనిలో కూడా ముల్లు సున్నాకు వచ్చింది" అంది. వేరే బాసు అయితే ఈ మాట చెప్పడానికి పవర్‌పాయింట్ వేసేవాడు.

ఇంటికొచ్చాక మొదటి ఆయుధపూజ గడిచింది. బండికి బొట్టు పెట్టి కూర్చున్నాను. అలవాటు కొద్దీ మాటిమాటికీ ఫోను చూశాను. ఎక్కడినుంచీ హెచ్చరిక రాలేదు. కొంచెం చిన్నబోయానని ఒప్పుకోవాల్సిందే. మధ్యాహ్నం దాటాక ఒక ఫొటో వచ్చింది. ట్యాంకు వాల్వు బార్లా తెరిచి ఉంది, చక్రానికి చామంతి దండ. పక్కన నీళ్ళ మీటరు, గాజు వదిలి చుట్టూ గంధం. గాజులో సున్నా.

ఫొటో కింద వాయిస్ మెసేజులో జయమ్మత్త గొంతు:

"దామూ, ముల్లు నిలబడింది. నువ్వు రావాల్సిన పని లేదు. సుమ్మా ఊరికే సుండలు తినేసి పడుకో అప్పా."

తినేసి పడుకున్నాను.